బోలు

చీమకుర్తిలో పొద్దు ముందు రాయి మీద పడుతుంది,
ఆ తర్వాతే మనుషుల మీద.
కంప్రెషర్ మొదలయ్యేలోపు
ఆ అరగంట నాది.
గడ్డపార తీసుకుని మూడో బెంచి కింద నిలబడి
గోడను తట్టుకుంటూ పోతాను.

గట్టిరాయి ఖంగుమంటుంది,
బంతిలో కంచుగ్లాసు జారిపడ్డట్టు.
లోపల పగులున్న రాయి బొద్దుమంటుంది.
దాన్ని మేం బోలు అంటాం.
బోలు పలికితే ఎర్ర రిబ్బను కట్టాలి,
రిజిస్టర్లో రాయాలి, సంతకం పెట్టాలి.
మేటు పని ఇంతే.
చెవి ఉంటే చాలు.

చెవి.

ఇరవై రెండేళ్లు జాక్‌హామర్ పట్టాను.
దూది పెట్టుకున్న రోజులు కొన్ని,
పెట్టుకోని రోజులే ఎక్కువ.
మొదట పిచ్చుక పోయింది.
తర్వాత కుక్కర్ విజిల్.
ఆ తర్వాత చెంచమ్మ వంటింట్లోంచి పిలిచే పిలుపులో
చివరి ముక్క.
ఇంట్లో అందరూ అరిచి మాట్లాడటం నేర్చుకున్నారు,
పొద్దస్తమానం పోట్లాడుకుంటామని
పక్కింటివాళ్లు అనుకుంటారు.

ఇక రాళ్లు.
ఖంగు ఎప్పుడు పోయిందో నాకే తెలీదు.
ఇప్పుడు ఏ రాయిని కొట్టినా ఒకటే మాట, బొద్దు.
నా చెవి లెక్కన రాయాల్సివస్తే
రామతీర్థం దాకా కొండంతా ఎర్ర రిబ్బనే.

పరీక్ష చెయ్యలేదా అంటారు.
చేశారు.
ఒంగోలు నుంచి వ్యాను వచ్చింది,
చెవులకు డిప్పలు తగిలించి
శబ్దం వస్తే వేలెత్తమన్నారు.
కిటికీ అద్దంలో ఆ నర్సమ్మ బొటనవేలు కనపడుతోంది.
అది మీట నొక్కినప్పుడల్లా నేను వేలెత్తాను.
పనికొస్తాడని రాసిచ్చారు.
కళ్లు మాత్రం బాగున్నాయి నాకు.

తుపాను వాన వెలిసిన తెల్లారి
నీళ్ల క్యాను మోసుకుంటూ బనమాలి నా వెనకే వచ్చాడు.
గంజాం పిల్లాడు, పనిలో చేరి మూడు నెలలు.
నేను తట్టి నాలుగడుగులు దాటిపోయాను.
వాడు కదల్లేదు.
"కాకా, దీని కడుపు ఖాళీ" అన్నాడు.

వెనక్కొచ్చి మళ్లీ కొట్టాను. బొద్దు.
పక్కది కొట్టాను. బొద్దు.
నాకేం తెలుస్తుంది?
ఎడమ అరచెయ్యి రాతికి ఆనించి
కుడిచేత్తో గడ్డపార వేశాను.
చేతికింద పైరాయి ఒక్కటే అదిరింది,
లోపలి కొండ దానికి బదులు చెప్పలేదు.
ఏడు గంటలకి ఆ గోడ కిందే
పదకొండు మంది డ్రిల్లింగు మొదలెట్టాలి.

రిబ్బను కట్టాను.

మేనేజరు జీపు దిగకుండానే అడిగాడు,
"కృష్ణపట్నంలో ఓడ నీకోసం ఆగుతుందా?"
ఆగదు సార్.
"రాయి పడిందా?"
పడలేదు సార్.
"మరి?"

ఆ మరికి జవాబు నా దగ్గర లేదు.
పడితే చూపించొచ్చు.
పడని రాయికి సాక్ష్యం ఎవరు చెబుతారు?
సాయంత్రం పదకొండు మందీ
క్యారేజీలు ఊపుకుంటూ ఇళ్లకు పోయారు.
నా పనికి అంతకంటే రుజువు లేదు,
దాన్ని రుజువని ఎవరూ అనరు.

నాలుగు రోజులైంది, గోడ అట్లాగే ఉంది.
"మాలకొండయ్యా, నీ రాయి పడిందా?"
టీ అంగడి దగ్గర నవ్వులు.
నవ్వులు వినపడవు గానీ పళ్లు కనపడతాయి.

ఈ సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
ప్రమాదాలు: లేవు.
ప్రమాదం ఉన్న చోట్లు: మూడో బెంచి, తూర్పు గోడ.
పెన్ను మూత పెట్టబోయి ఆగాను.
పన్నెండేళ్ల కింద అంకయ్య ఈ గోడ కిందే పోయాడు.
ఆ పొద్దు పేజీలో అన్నీ సవ్యం అని ఉంది,
పాత మేటు చేతిరాత, చక్కటి గుండ్రటి అక్షరాలు.
అతను కూడా నాలాగే
ఇంట్లో గట్టిగా మాట్లాడేవాడు.

రెండో గీత కింద రాశాను:
మేటు మాలకొండయ్య, రెండు చెవులు. బోలు.
గోడ తప్పు పట్టింది బనమాలి.
సంతకం.

రేపు నీళ్ల క్యాను నాకే ఇస్తారేమో,
అసలు గేటు దగ్గరే ఆపేస్తారేమో.
చెంచమ్మకి ఇంకా చెప్పలేదు,
చెప్పాలంటే అరవాలి,
వీధంతా వింటుంది.